ఆదివారం పూట మిద్దె కొట్టినవాళ్లు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. మా ఆత్మకూరులో కరెంటు పోతే చాలు, వీధి అరుగు మీద ఎవరో ఒకరు మొదలుపెట్టేవాళ్లు. తెల్లచీరట, కాళ్లు వెనక్కి తిరిగి ఉన్నాయట. నేను మధ్యలో దూరి ప్రశ్నలు వేసేదాన్ని. ఎంత దూరం నుంచి చూశావు, అప్పుడు వెలుతురు ఎంత ఉంది, నీతో ఇంకెవరున్నారు అని. చెప్పేవాళ్లకి విసుగొచ్చి, "దీన్ని లోపలికి పిలువమ్మా, కథ చెడగొడతా ఉండాది" అని మా అమ్మ మీద అరిచేవాళ్లు. నలభై దాటినా ఆ బుద్ధి మారలేదు.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. కానీ ఇది తెల్లచీర కథ కాదు. పట్టపగలు, మే నెల ఎండలో, నా సొంత మిషన్లో రికార్డయిన సంగతి. అందుకే వదిలిపెట్టలేకపోతున్నాను.

ముందు నా పని గురించి కాస్త చెప్పాలి. నెల్లూరులో ఒక చిన్న సంస్థలో పనిచేస్తాను. పాత భవనాలు, వంతెనలు, నీళ్ల ట్యాంకులు ఎంత గట్టిగా ఉన్నాయో వాటి కంపనాలు కొలిచి చెప్పడం నా ఉద్యోగం. మా అమ్మనడిగితే "మా పాప గోడలకి నాడి చూస్తాది" అంటుంది. నవ్వుకున్నా, అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

కదలకుండా నిలబడినట్టు కనిపించే ఏ భవనమూ నిజానికి కదలకుండా ఉండదు. గాలికి, రోడ్డు మీద లారీకి, దూరాన తిరిగే మోటారుకి అదురుతూనే ఉంటుంది. మన కంటికి ఆనదు, కాలికి తెలియదు. సబ్బుబిళ్ల అంత ఉండే సెన్సర్లు అంటించి పెడితే అవి పట్టుకుంటాయి. నులకమంచం బిగువుగా ఉంటే చేత్తో కొట్టినప్పుడు ఒకలా అదురుతుంది, వదులైతే ఇంకోలా ఊగుతుంది కదా, మిద్దె కూడా అంతే. గట్టిగా ఉన్న మిద్దె సెకనుకు ఎక్కువ సార్లు అదురుతుంది. లోపల ఏదైనా సడలితే ఆ లెక్క తగ్గిపోతుంది. మేం చూసేది ఆ లెక్కనే.

ఇక బడి సంగతి. ఉదయగిరి నుంచి దుత్తలూరు వైపు కొంత దూరం పోయి లోపలికి తిరిగితే ఒక ఊరు వస్తుంది. పేరు రాయను. రాస్తే సెల్‌ఫోన్లు పట్టుకుని వీడియోలు తీయడానికి బయల్దేరే మహానుభావులు ఉంటారు, నాకు తెలుసు. ఊళ్లో సగానికి పైగా బాప్టిస్టు కుటుంబాలే. మా ఇంటివాళ్లదీ అదే నమ్మకం కాబట్టి, దెయ్యాలకి మా ఇంట్లో అటు నుంచి కూడా చోటు లేదు.

ఆ ఊళ్లో వెనకటి రోజుల్లో క్రైస్తవ మిషన్ వాళ్లు కట్టిన బడి ఒకటి ఉంది. పొడుగాటి రాతి భవనం, తూర్పు నుంచి పడమరకి వరసగా అయిదు గదులు. రెండడుగుల మందం గోడలు, టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు పేర్చి సున్నంతో కొట్టిన మిద్దె. ఏప్రిల్లో నాలుగో గది దక్షిణం గోడకి పైనుంచి కింది దాకా నెర్రె ఇచ్చింది. పై ఆఫీసు నుంచి ఇంజనీరు ఒకాయన వచ్చి చూసి, పిల్లల్ని ఇందులో కూర్చోబెట్టడానికి వీల్లేదు, మొత్తం పడగొట్టాల్సిందే అన్నాడు. బుధవారం మళ్లీ వచ్చి సంతకం పెడతానన్నాడు. కొత్త బడి కట్టే మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. పిల్లల్ని ఉదయగిరి బడిలో కలిపేస్తారట.

హెడ్‌మిస్ట్రెస్ సుగుణమ్మ గారు మా సంస్థకి ఫోన్ మీద ఫోన్ చేసి, బతిమాలి మమ్మల్ని రప్పించుకుంది. యాభై ఏడేళ్ల మనిషి, సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం పెద్దది. ఆమె కూడా అదే బడిలో చదువుకుంది. మేం దిగీదిగకముందే విషయం తేల్చి చెప్పింది.

"మేడం, బడి ఉదయగిరికి పోతే మగపిల్లోళ్లు షేర్ ఆటోలెక్కి పోతారు. ఆడపిల్లల్ని ఎవురూ పంపరు. పక్కూళ్లో బడి ఎత్తేసినప్పుడు నేను చూసినాను. ఆ పిల్లోళ్లంతా ఇప్పుడు నిమ్మతోటల్లో కాయలు కోస్తా ఉండారు. మా బడిలో ఎనిమిదో తరగతి దాకా యాభై ఒక్క మంది ఆడపిల్లోళ్లు ఉండారు. మీరు చెప్పే మాట మీదే ఉండాది అంతా."

నాకు ఇలాంటి మాటలు నచ్చవు. గోడ నిలబడేదీ లేనిదీ నా మాట మీద ఉండదు, గోడ మీదే ఉంటుంది. ఆ సంగతే ఆమె మొహం మీద చెప్పాను కూడా.

నాతో వచ్చింది రఫీ భాయ్. మా సంస్థలో నాకంటే పాత మనిషి, సెన్సర్లు అమర్చడంలో ఆయన్ని మించినవాడు లేడు. నాలుగో గది మిద్దె మీద ఎవరూ కాలు పెట్టకూడదని ఇంజనీరు గట్టిగా చెప్పి పోయాడు. అందుకని రఫీ భాయ్ అటు గోడకీ ఇటు గోడకీ నిచ్చెన అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద బోర్లా పాకుతూ పోయి సెన్సర్ పెట్టాడు. "మేడం, నేను పోయినానంటే మా ఇంటామెకి మీరే చెప్పుకోవాల" అన్నాడు మధ్యలో ఆగి. నేను పోతే నువ్వు చెప్పుకో, ముందు కానియ్ అన్నాను.

శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొలిచాం. సుత్తితో తట్టి చూస్తే బాగా తెలుస్తుంది, కానీ ఆ మిద్దె మీద దెబ్బ వేయడానికి ధైర్యం లేదు. రోడ్డు మీద ట్రాక్టర్లు, బోరు మోటార్లు, పక్కనే ఇల్లు కడుతున్నవాళ్ల మిక్సరు, అన్నీ కలిసి రికార్డంతా గందరగోళం చేశాయి. అందులోంచి ఏరుకుంటే ఒక్కటి తేలింది. మొదటి గది సెకనుకు పన్నెండు సార్లు అదురుతోంది. నాలుగోది తొమ్మిది కూడా లేదు. మిగతా మూడు అటూ ఇటూ తేలలేదు.

సాయంత్రం సుగుణమ్మ గారికి చెప్పేశాను. నాలుగో గది సడలిపోయింది, మిగతావి బాగున్నాయని రాయడానికి నా దగ్గర ఆధారం లేదు, పడగొట్టమనే రాయాల్సి వస్తుంది అని. నా నోరే అంత. మెత్తగా చెప్పడం చేతకాదు.

ఆమె ఏడవలేదు, గొడవ పడలేదు. "ఈ మోతలన్నీ లేకపోతే మీ మిషను ఇంకొంచెం బాగా చెప్తాదా?" అని అడిగింది.

"చెప్పొచ్చు."

"అయితే రేపు ఉండండి. ఆదివారం. పది నుంచి పన్నెండు దాకా ఊరు ఊరంతా చర్చిలో ఉంటాది. ఆ పూట పొలాలకి కరెంటు రాదు, మోటార్లు తిరగవు. ఆ ఇల్లు కట్టేవోళ్లని నేను ఆపిస్తాను."

ఆదివారం పూట ఇంట్లో సోమశిల చేపల పులుసు మానుకుని మళ్లీ ఎండలో పడాలా అనిపించింది. కానీ ఆమె అడిగింది సరైన ప్రశ్న. నేను అడగాల్సింది ఆమె అడిగింది. కాదనలేకపోయాను.

ఇప్పటి నుంచి ప్రతిదీ జాగ్రత్తగా చెప్తాను.

తొమ్మిదిన్నరకి మిద్దె మీద ఉత్తరం అంచున ఒకటి, దక్షిణం అంచున ఒకటిగా మార్చి మార్చి ఏడు సెన్సర్లు పెట్టాం, తూర్పు చివర నుంచి పడమటి చివర దాకా. అన్నీ సరిగా పనిచేస్తున్నాయని చూసుకున్నాం. కిందికి దిగి, గాలికి కదిలి చప్పుడు చేస్తుందని నిచ్చెన కూడా తీసి నేల మీద పడుకోబెట్టాం. ఆ మిద్దెకి మెట్లు లేవు. ఆనుకుని చెట్టు గానీ గోడ గానీ లేవు. నిచ్చెన లేకుండా ఎవరూ ఎక్కలేరు. రఫీ భాయ్ టిఫిన్ తెస్తానని జీపు తీసుకుని ఉదయగిరి పోయాడు. నేను బడి ముందు రేకుల వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను.

పది దాటాక ఊరు నిజంగానే సద్దుమణిగింది. తెర మీద ఏడు గీతలూ దారాలు పరిచినట్టు సన్నగా సాగుతున్నాయి. అంత నిశ్శబ్దం నాకు ఎప్పుడోగానీ దొరకదు. సంతోషంగానే ఉంది.

పదీ నలభైకి తూర్పు చివరి గీత మీద దెబ్బ పడింది. వెంటనే ఇంకోటి. కొంచెం ఆగి మళ్లీ రెండు. ఆగడం, మళ్లీ రెండు.

కోతులు అనుకున్నాను. లేచి ఎండలోకి వెళ్లి చూశాను, మిద్దె అంచు మీద ఏమీ లేదు. కోతి ఇంత లెక్కగా దూకదు కూడా. తీగ వదులైందేమో అనుకుని ఆ గీతకి వచ్చే తీగ మార్చాను. దెబ్బలు ఆగలేదు. ఏదో మోటారు అయ్యుంటుందిలే, తర్వాత జల్లెడ పట్టి తీసేద్దాం అనుకుని ఒక పది నిమిషాలు పట్టించుకోలేదు. మా పనిలో అందరం చేసే తప్పే అది. లెక్కగా వచ్చేదేదైనా మాకు మోటారే.

కానీ మోటారయితే ఒక్కచోట ఉండాలి. ఇవి కదులుతున్నాయి. మొదట ఒకటో సెన్సర్ దగ్గర గట్టిగా పడ్డాయి, తర్వాత అక్కడ తగ్గి రెండో దాని దగ్గర పెరిగాయి, తర్వాత మూడోది. మిద్దె మీద తూర్పు నుంచి పడమరకి, నిమిషానికి మూరెడు చొప్పున జరుగుతూ పోతున్నాయి.

నిచ్చెన వేసుకుని పైకెక్కాను. సెన్సర్లు కదలకూడదని చెప్పులు కిందే వదిలేశాను, అరికాళ్లు చుర్రుమన్నాయి. పైన ఎవరూ లేరు. సెన్సర్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మిద్దె మీద తెల్లటి ఎండ, దూరంగా ఉదయగిరి కొండ, చర్చి నుంచి సన్నగా పాట. దెబ్బల చప్పుడు మాత్రం ఏదీ వినిపించలేదు. కాళ్లకీ ఏమీ తెలియలేదు. రెండో గది మీద నిలబడి ఒక నిమిషం చూసి, నన్ను నేనే తిట్టుకుంటూ దిగాను.

దిగి రికార్డు చూస్తే నా అడుగులు స్పష్టంగా ఉన్నాయి. ఎక్కడ నడిచానో, ఎక్కడ ఆగానో లెక్కపెట్టొచ్చు. నేను ఆగి నిలబడిన ఆ నిమిషంలో కూడా దెబ్బలు పడుతూనే ఉన్నాయి. నాకు రెండు బారల దూరంలో.

నాకు భయమేసింది. దాచుకోవడం ఎందుకు. ప్రార్థన చేయడం మానేసి ఏళ్లయింది, ఆ పూట చేశాను.

రఫీ భాయ్ ఇడ్లీ పొట్లాలతో వచ్చేసరికి దెబ్బలు మూడో గది దాటుతున్నాయి. తెర చూపించాను. ఆయన నిలబడే చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మేడం, ఎవరో పని చేస్తా ఉండారు."

"ఏం పని?"

"అదెట్టా తెలుస్తాది? కానీ పనే ఇది. ఇంత కుదురుగా ఊరికే ఎవురు కొడతారు?"

ఇడ్లీ ఇద్దరమూ ముట్టుకోలేదు. నాలుగో గది దగ్గరికి వచ్చేసరికి నేనూ లేచి నిలబడ్డాను, ఆ దెబ్బలకి మిద్దె ఎక్కడ కూలుతుందోనని. కూలలేదు. దెబ్బలు నాలుగో గది మీద కూడా అలాగే సాగాయి. కానీ ఉత్తరం గోడ పక్కన మంచం పట్టేంత జాగా వదిలేసి, దాని చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి మొదలయ్యాయి. ఆ జాగాలో ఒక్క దెబ్బ కూడా పడలేదు. అయిదో గది చివరకి చేరి పన్నెండూ పదికి ఆగిపోయాయి. చర్చి అయిదు నిమిషాల తర్వాత వదిలారు.

చర్చిలో డోలక్ వాయిస్తారు కదా, అదేమో అని తర్వాత నేనూ ఆలోచించాను. అంత దూరం నుంచి వచ్చేదయితే ఏడు సెన్సర్లకీ దాదాపు ఒకేలా అందాలి, మిద్దె మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి నడవదు. అదీ కుదరలేదు.

బడి ఎదురుగా ఉన్న ఇంటి వసారాలో మార్తమ్మ అవ్వ పొద్దుటి నుంచీ కూర్చుని ఉంది. ఎనభై అయిదు దాటి ఉంటాయి, మోకాళ్లు పనిచేయవు కాబట్టి చర్చికి పోలేదు. కళ్లు మాత్రం బాగా కనిపిస్తాయి. వెళ్లి, పొద్దున మేం దిగి వచ్చాక మిద్దె మీదికి ఎవరైనా ఎక్కారా అవ్వా అని అడిగాను.

"నువ్వే ఎక్కినావు. చెప్పుల్లేకుండా. ఇంకెవురూ ఎక్కలా. నేనీడనే ఉండాను గదా."

ఎందుకు అలా చేశానో తెలియదు. పక్కన కూర్చుని, తెర మీద చూసిన వరసలో అరుగు మీద వేళ్లతో కొట్టాను. రెండు దెబ్బలు, ఆగడం. రెండు దెబ్బలు, ఆగడం.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఏందమ్మే, ఇది నీకెవురు నేర్పినారు?"

తర్వాత తనే చెప్పింది. ఆ మిద్దె వానలకి చెడిపోతే ఒకసారి విప్పి మళ్లీ వేశారట. అప్పటికి అవ్వకి పద్నాలుగేళ్లు. సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిచి, కరక్కాయ నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు చల్లుతూ, ఆడవాళ్లు రెండు వరసలుగా ఎదురెదురు కూర్చుని చేతి దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవాళ్లట. ఈ వరస ఒక దెబ్బ, ఆ వరస ఒక దెబ్బ. ఆగి పక్కకి జరగడం. మళ్లీ కొట్టడం. అవ్వ వాళ్ల అమ్మ, పిన్నమ్మలు, ఇంకా పదిమంది. ఇప్పుడు అవ్వ తప్ప ఎవరూ లేరు.

అసలు సంగతి అడిగాను. "కొడతా కొడతా మధ్యలో కొంచెం జాగా వదిలేస్తే, ఎందుకు వదిలేస్తారు అవ్వా?"

"మోత తేడాగా వస్తే ఆడ కొట్టం. చుట్టూ కొట్టుకుంటా పోయి, ఆడ మాత్రం వదిలేస్తాం. అది మేస్త్రీకి గుర్తు. ఆడ విప్పి కిందేముందో చూసుకోమని. నోరు తెరిచి చెప్పే పనుండదు."

లేచి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం రికార్డు మొత్తం మళ్లీ చూశాను. ప్రతి దెబ్బకీ ఆ గది మిద్దె ఎలా అదిరిందో శుభ్రంగా కనిపిస్తోంది. ఎవరో నా కోసం సుత్తితో తట్టి చూపించినట్టే ఉంది. ఒకటి, రెండు, మూడు, అయిదు గదులు పన్నెండుకి తగ్గలేదు, గట్టిగా ఉన్నాయి. నాలుగోది మాత్రమే తక్కువ. శనివారం నేను చెప్పిన తీర్పు తప్పు. ఇంకా నయం, కాగితం మీద పెట్టలేదు.

అయినా ఆ రికార్డుని ఆధారం చేసుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఆదివారం అన్ని దెబ్బలకీ కూలలేదన్న ధైర్యంతో సోమవారం రబ్బరు సుత్తి తీసుకుని నేనే ఎక్కాను. ముందు గోడ అంచు మీద నిలబడి, తర్వాత కొంచెం కొంచెం లోపలికి జరుగుతూ నాలుగో గది మీద కూడా తట్టాను. అన్ని గదులకీ ఆదివారం వచ్చిన లెక్కలే వచ్చాయి.

మిగిలింది నాలుగో గదిలో ఏం చెడిందో తేల్చడం. అందులో అయిదు దూలాలు. వాటి చివరలు పది, అన్నీ గోడల లోపల దాక్కుని ఉంటాయి. పదీ విప్పి చూడాలంటే ఉన్న గోడ కూడా పాడవుతుంది, బుధవారం లోపల అయ్యే పనీ కాదు. మామూలుగా అయితే నేను నెర్రె ఉన్న దక్షిణం గోడ విప్పించేదాన్ని. ఎవరైనా అదే చేస్తారు. సుగుణమ్మ గారు పిలిపించిన మేస్త్రీ కూడా అక్కడే సుద్దతో గీత గీసి నిలబడ్డాడు.

నేను ఉత్తరం గోడ చూపించాను. ఆదివారం దెబ్బలు వదిలేసిన జాగాకి సరిగ్గా కింద.

"ఈడ నెర్రే లేదు గదమ్మా" అన్నాడు మేస్త్రీ. రఫీ భాయ్ నా వైపు చూశాడు.

రెండు రాళ్లు ఊడదీసేసరికి దూలం చివర బయటపడింది. నల్లగా ఉంది. వేలు పెడితే నానిన రస్కులో దిగినట్టు దిగింది. కారణం కూడా అక్కడే దొరికింది. కొన్నేళ్ల కింద వాన కారుతోందని మిద్దె మొత్తానికీ సిమెంటు పూత పూయించారు. పూసేటప్పుడు అక్కడున్న వాన తూము కూడా మూసేశారు. నీళ్లు పోయే దారి లేక గోడలోకి దిగి, దూలాన్ని లోపల్లోపలే తినేశాయి. దూలం ఈ వైపు కుంగేసరికి ఆ వైపు గోడ పగిలింది. పక్క దూలాల్ని కూడా తొలిచి చూశాం. టేకు ఇనుములా ఉంది.

సుగుణమ్మ గారు ఆ రంధ్రం ముందు నిలబడి, "ఇదొక్కటేనా మేడం? ఇదొక్కటేనా?" అని పదిసార్లు అడిగింది. ఇదొక్కటే అన్నాను. అప్పుడు ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, రఫీ భాయ్ చూడకుండా.

మంగళవారం రిపోర్టు రాయడానికి కూర్చుంటే అసలు చిక్కు వచ్చింది. పది చివరల్లో ఆ ఒక్కదాన్నే ఎందుకు విప్పించావని బుధవారం ఇంజనీరు తప్పక అడుగుతాడు. దానికి జవాబు ఆదివారం రికార్డే. రికార్డు జతచేస్తే దానికి ఒక గడి నింపాలి, కంపనాలకు మూలం ఏది అని.

"జనరేటర్ అని రాసేయండి మేడం, పోతాది" అన్నాడు రఫీ భాయ్.

రాయొచ్చు. ఎవరూ పట్టుకోలేరు. కానీ ఇన్నేళ్లలో నేను లెక్క తప్పు చేశానేమో గానీ, అబద్ధం రాయలేదు. ఆ బడి విషయంలో మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు. అలాగని నిజం రాస్తే ఇంజనీరు రిపోర్టు అవతల పారేసి, పడగొట్టమని సంతకం పెట్టేస్తే? యాభై ఒక్క మంది పిల్లలు. చివరికి ఆ గడిలో "తెలియలేదు" అని రాశాను.

ఇంజనీరు బుధవారం పదకొండుకి వచ్చాడు. రిపోర్టు నిలబడే చదివాడు. సరిగ్గా ఆ గడి దగ్గరే వేలు పెట్టి ఆపాడు.

"ఇదేందమ్మా, తెలియలేదు అంటే?"

"నాకు తెలియలేదు సార్. పైన ఎవరూ లేరు. వెతికినాను. మిగతా లెక్కలు సోమవారం నేను సుత్తితో కొట్టి తీసినవి. కావాలంటే ఇప్పుడు మీ ముందు మళ్లీ తీస్తాను."

"తియ్యండి."

తీశాను. గంటన్నర పట్టింది. ఆయన తెర ముందు నుంచి లేవలేదు, ఒక్కో లెక్కా తన పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత విప్పిన గోడలో చెయ్యి పెట్టి చూశాడు. నిచ్చెనెక్కి నాలుగో గది మీద నిలబడ్డాడు. కిందికి దిగి చొక్కా దులుపుకుంటూ అన్నాడు. "నాకు వచ్చే రిపోర్టుల్లో అందరికీ అన్నీ తెలుసు. తెలియలేదని రాసినోళ్లని ఇప్పుడే చూస్తా ఉండాను." పడగొట్టమన్న కాగితం మీద కొట్టేసి, మరమ్మతు అని రాసి సంతకం పెట్టాడు.

మరమ్మతుకి మూడు వారాలు పట్టింది. పుచ్చిన మేర కోసేసి కొత్త టేకు అతికి, కింద రాతి ఆసరా ఇచ్చి, మూసేసిన తూము తెరిచారు. పైన సిమెంటు పూత గీకేసి మళ్లీ సున్నమే వేయించాను. కొట్టడం ఎవరికీ రాదు. మార్తమ్మ అవ్వని కుర్చీతో సహా మోసుకొచ్చి బడి వాకిట్లో కూర్చోబెట్టారు. పైన పిల్లల తల్లులు కొడుతుంటే అవ్వ కింద నుంచే చెవులు రిక్కించి, "ఆడ మెత్తగా ఉండాది, ఇంకా కొట్టండి మే! తిండి తినలేదా?" అని కేకలేసింది. తిట్లు తింటూ నవ్వుకుంటూ కొట్టారు వాళ్లు.

పని అయ్యాక మరో ఆదివారం నేను మళ్లీ వెళ్లి ఏడు సెన్సర్లూ పెట్టి కూర్చున్నాను. నాలుగో గది కూడా పన్నెండుకి వచ్చింది. దెబ్బలు మాత్రం లేవు. పన్నెండున్నర దాకా చూశాను. నిజం చెప్పొద్దూ, కొంచెం దిగులేసింది. అవ్వతో ఆ మాటే అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"పనైపోయినాక కూలోళ్లు ఇంటికి పోరా ఏంది?"

ఆ ఫైలు మా సంస్థలో నలుగురికి చూపించాను. ఒకాయన తీగల్లో లోపం అన్నాడు. ఇంకొకాయన ఎండకి సిమెంటు పూత ఉబ్బి చిట్లిందన్నాడు. ఎండకి చిట్లేది వరస తప్పకుండా గంటన్నర చిట్లుతుందా, మంచమంత జాగా వదిలి చుట్టూ తిరుగుతుందా అంటే నవ్వేసి ఊరుకున్నాడు. ఇంతకంటే మంచి కారణం ఎవరైనా చెప్తే ఒప్పుకోవడానికి నేను ఇప్పటికీ సిద్ధంగానే ఉన్నాను.

జూన్‌లో బడి తెరిచిన రోజు సుగుణమ్మ గారు రమ్మంటే వెళ్లాను. ఏడో తరగతి ఆడపిల్లలు నాలుగో గది గుమ్మం దగ్గరే గుంపుగా నిలబడి ఉన్నారు, లోపలికి అడుగు పెట్టడం లేదు. వేసవి అంతా ఊళ్లో విన్న మాటలు మరి. అందులో రెండు జడల పిల్ల ఒకతి పైకి చూసి, నా వైపు చూసి అడిగింది.

"పడదు గదా మేడం?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఎవరికీ సూటిగా చెప్పలేదు. రిపోర్టు చూసుకోండి అంటాను, అంతే. అది మా పద్ధతి.

ఆ రోజు నేనే ముందు లోపలికి నడిచాను. ఉత్తరం గోడ పక్కన, అతికిన దూలం కిందే, బెంచీ మీద కూర్చుని పిల్లని రమ్మన్నాను.

"పడదు. వచ్చి కూర్చో."

వచ్చి కూర్చుంది. తర్వాత మిగతావాళ్లూ వచ్చారు, ఒకరినొకరు తోసుకుంటూ, సంచులు విసురుకుంటూ. అంత గట్టిగా ఎలా చెప్పగలిగానో తర్వాత ఆలోచించాను. సగం నా మిషను చెప్పింది. మిగతా సగం చెప్పింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.